అత్త పోర్షన్‌లో ఆవుకు దారి

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. కుప్పంలో హాస్టల్లో ఉండి సివిల్ డిప్లొమా ముగించి, మదనపల్లెలో ఒక ఇంజనీరు గారి ఆఫీసులో ప్లాన్లు గీసే ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడు నెలలు. మా వంశంలో నెలజీతం మొహం చూసిన మొదటివాణ్ణి నేనే. మా తాత బావులు తవ్వాడు. మా నాయన ఇళ్లు కట్టేచోట ఇటుకలు మోసి, నడుం సహకరించక, తర్వాత ఆవును పెట్టుకుని పాలు పోస్తూ బతుకుతున్నాడు. వాళ్ల చేతులు పడిన గోడలన్నీ ఇప్పటికీ నిటారుగానే ఉన్నాయి. నేను మాత్రం ఎవరింటికి పోయినా గోడ ముందు నిలబడి, కళ్లు చిట్లించి, తల పక్కకు వంచి, "ఊఁ... కొంచెం వంగింది" అనేవాణ్ణి. (తల అంత వంచితే ఏ గోడైనా వంగినట్టే కనిపిస్తుందని చాలా ఆలస్యంగా తెలిసింది.) వీధిలోవాళ్లు నన్ను ఇంజినీరప్ప అని పిలిచేవాళ్లు. అందులో వెటకారం పాలు ఎంతో తెలుసుకునే వయసు కాదది.

పుంగనూరులో మా ఇల్లంటే ఒక హాలు, ఒక వంటిల్లు, దాన్నానుకుని అమ్మానాయనల చిన్న గది. వెనకాల పొడుగాటి పెరడు, వీధిలోంచి అక్కడికి ఇంటి పక్కగా దారి, పెరడు చివర ఆవు కొట్టం. హాల్లో టీవీ బల్లకూ బియ్యం మూటలకూ మధ్య ఉన్న జాగా మా మేనత్తది. నాయనకు అక్క ఆమె. పెళ్లయిన రెండేళ్లకే మొగుడు పోతే తమ్ముడి ఇంటికి వచ్చేసింది. అప్పటినుంచీ రోజూ మొదటి బస్సుకు మదనపల్లె టమోటా మార్కెట్టుకు పోయి, క్రేట్ల ముందు కూర్చుని మంచి కాయ వేరు, మెత్తకాయ వేరు ఏరి, సాయంత్రానికి తిరిగొచ్చేది. ఆమె ఆస్తి ఒక ట్రంకుపెట్టె, ఒక చాప. ఇంటికి చుట్టాలెవరొచ్చినా ముందు లేవాల్సింది ఆ చాపే. చీర మార్చుకోవాలంటే వంటింట్లోంచి అమ్మ ఎప్పుడు బయటికొస్తుందా అని కనిపెట్టుకుని ఉండేది. పదో తరగతి దాకా నేను చదివింది కూడా ఆ హాల్లోనే. అంటే ఏళ్లతరబడి నేను పుస్తకం మూసేదాకా ఆమె నెత్తిమీద ట్యూబులైటు వెలుగుతూనే ఉండేది. ఆమె కొంగు మొహం మీదికి లాక్కుని పడుకునేది. ఒకసారెప్పుడో "ఆపేసేదా అత్తా?" అని అడిగితే, "సదువుకో నాయినా, నాకు ఎలుతురుంటేనే నిద్ర పడతాది" అంది. (పచ్చి అబద్ధం. ఇప్పుడు తన గదిలో జీరో బల్బు కూడా వెలగనివ్వదు.)

కుప్పం హాస్టల్లో నన్ను చేర్చడానికి వచ్చింది కూడా అత్తే. నాయనకు ఆవును వదిలి రావడం కుదరలేదు. బస్సులో సీటు దొరక్క, పెట్టెను నిలబెట్టి దాని మీదే కూర్చుని వచ్చింది. హాస్టల్ గదిలో నా మంచం కిందికి ఆ పెట్టెను తోసి, వార్డెనుతో "పిల్లోడు కొంచెం సోంబేరి సామీ, లేపితే గానీ లెయ్యడు" అని నా పరువు తీసి వెళ్లిపోయింది. అది ఆమె ట్రంకుపెట్టె. నేను చదివిన మూడేళ్లూ ఆమె చీరలు అట్టపెట్టెలో ఉన్నాయి. ఆ సంగతి నాకు ఆ మూడేళ్లలో ఒక్కరోజు కూడా తట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, దానికంటే ఎక్కువగా ఆమె మీద ప్రేమ పొంగుకొస్తుంది.

మొదటి జీతం అందుకున్న ఆదివారం, బియ్యంలో రాళ్లు ఏరుతున్న అత్త ముందు నిలబడి దర్జాగా అడిగాను. "అత్తా, నీకేం గావాలో సెప్పు."

పట్టుచీర అంటుందని నా అంచనా. అత్త చేట కింద పెట్టింది. "లోపల్నించి గడేసుకునే వాకిలొకటి" అంది.

"అంటే?"

"ఒక రూమూ, ఒక పొయ్యీ. ఎంత సిన్నదైనా సరే. నేను లోపలికి పోయి గడేసుకుంటే, మళ్లా నేను తీస్తేనే తెరుచుకోవాల." చెప్పేసి, ఎక్కువ అడిగేసినట్టు నవ్వేసి, మళ్లీ చేట అందుకుంది.

నాయన మొహం చిన్నబోయింది. "యాలక్కా? నిన్ను ఎవురన్నా ఏమన్నా అన్నారా?" అన్నాడు. అత్త తల అడ్డంగా ఊపింది. అప్పుడు వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "ఎవురూ ఏమీ అన్లా. అన్నాకనే అడగాల్నా? పెరట్లో బోలెడు జాగా ఉండాది. ఏసియ్యిరా నువ్వు." మా ఇంట్లో అమ్మ ఒక మాట అంటే దానికి పై కోర్టు లేదు.

ఆ మరుసటి రోజునుంచి నాకు కాలు నేలమీద నిలవలేదు. ఆఫీసులో ఇంజనీరు గారి ఇళ్లకు గీతలు గీసే నేను, మొట్టమొదటిసారి నా సొంత ఇల్లు గీస్తున్నాను. పద్నాలుగు ప్లాన్లు గీశాను. పైన పెద్ద అక్షరాలతో 'ప్రపోజ్డ్ అడిషనల్ రెసిడెన్షియల్ యూనిట్' అని రాశాను. నాయన ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి "ఇదేంది?" అంటే, "అత్త రూము" అన్నాను. "మరి అట్లా రాయరాదా?" అన్నాడు. పెరటికి అడ్డంగా, కొట్టానికి ముందు, ఒక గది, దాని వెనక అడ్డుగోడ లేకుండా వంటగది, ముందొక వాకిలి, అంట్లు తోముకోవడానికి వెనకొక చిన్న వాకిలి. మూలన స్నానాలగది. గదికీ పక్కింటివాళ్ల గోడకూ మధ్య ఒక సందు వదిలి, అందులో బాణం గుర్తు వేసి, 'ఆవు దారి: రెండడుగులు' అని రాశాను. బాణం పక్కన ఒక ఆవు బొమ్మ కూడా వేశాను. బొమ్మ చాలా బాగా కుదిరిందని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

పని పట్టిన మేస్త్రీకి మా వీధిలో రసమట్టం మేస్త్రీ అని పేరు. మట్టం చూసే ఆ బద్దను చంకలో పెట్టుకుని తిరిగేవాడు, టీ తాగేటప్పుడు కూడా తీసేవాడు కాదు. పునాది ముగ్గు పోసిన రోజే ఆయన సందులో నిలబడి గడ్డం గోక్కున్నాడు. "సందు ఇరుగ్గా ఉండాదే సామీ."

"అది స్టాండర్డు మేస్త్రీ" అన్నాను.

ఆయన ఇంకేదో అనబోయి, నా చేతిలోని కాగితాన్నీ నా జేబులోని రెండు పెన్నులనూ చూసి ఊరుకున్నాడు. నాయన అసలు నోరే ఎత్తలేదు. తన జీవితమంతా ఇంజనీర్లు గీసిన గీత మీద ఇటుకలు మోసినవాడు, కొడుకే ఇంజనీరై గీస్తే అడ్డు చెప్పే ధైర్యం ఆయనకు లేదు. (నేను ఇంజనీరును కాను, ప్లాన్లు గీసేవాణ్ణి. ఆ తేడా ఇంట్లో ఎవరికీ తెలియకుండా జాగ్రత్తపడ్డాను.) పెరడంతా ఇసుకా కంకరా నిండిపోవడంతో ఆవునూ దూడనూ వీధి చివరి ఖాళీ జాగాలో కట్టేశారు.

మా వైపు చిన్న గదులకు కాంక్రీటు స్లాబు బదులు రాతిబండలు పరుస్తారు, ద్వారబంధాలు కూడా రాతివే. శాంతిపురం నుంచి ట్రాక్టరులో బండలతోపాటు రెండు రాతి ద్వారబంధాలు దిగాయి. వెనక వాకిలికి చిన్నది చాలని నేను రాసి పంపితే, వాళ్లు రెండూ ఒకే కొలతవి, మూడున్నర అడుగుల వెడల్పువి పంపించారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోనులో ఆ రాళ్ల దుకాణం ఆయన్ని ఇంగ్లీషులో తిట్టాను. ఆయనకు ఇంగ్లీషు రాకపోవడంతో "సరే సరే, మంచిది" అన్నాడు. మేస్త్రీ మాత్రం "ఉండనీ సామీ, వాకిలి పెద్దదైతే ఎవురికి నష్టం?" అని రెండింటినీ నిలబెట్టేశాడు. నేను రెండు రోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను.

గృహప్రవేశం రోజు అత్త ఆకుపచ్చ చీర కట్టుకుని కొత్త గోడలను అరచేత్తో ఒకసారి తడిమి చూసింది. కొత్త ఇంట్లోకి ముందు ఆవు కాలు పెట్టాలి కదా, అది మా ఊళ్లో ఎంత చిన్న గదికైనా తప్పని ఆచారం. నాయన వీధి చివర్నుంచి రెండింటినీ తోలుకొచ్చాడు. పూజకు అడ్డం వస్తుందని దూడను ముందుగానే సందులోంచి తీసుకుపోయి వెనక కొట్టంలో కట్టేశాడు. అయ్యవారు ఆవుకు పసుపూ కుంకుమా పెట్టించి, మంత్రం చదివి, "తోలప్పా" అన్నాడు. ఆవు కుడికాలు ముందుపెట్టి గడప దాటింది. అందరూ దండం పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి దూడ అంబా అంది. అంతే, ఆవు గదిలో ఆగలేదు. వంటగదిలో పొయ్యి మీద పాలు పొంగిస్తున్న అత్త పక్కనుంచి, పాలగిన్నెకు తోక తగలకుండా, వెనక వాకిలి దాటి తిన్నగా కొట్టంలోకి పోయింది. "ఆహా! లక్ష్మీదేవి ఇల్లంతా తిరిగి చూసినట్టుండాది" అన్నాడు అయ్యవారు. పాలు కూడా ఆ క్షణానే పొంగాయి. నేను చేతులు కట్టుకుని నిలబడి, ప్లాను గీసినవాడికి ఉండాల్సిన చిరునవ్వు ఒకటి నవ్వాను.

భోజనాలయ్యాక నాయన ఆవును మేతకు తోలుకుపోదామని సందులోకి మళ్లించాడు. తల పట్టింది, మెడ పట్టింది, భుజాలు కొంచెం ఒరుసుకుంటూ పట్టాయి. పొట్ట దగ్గర ఆగిపోయింది. నాయన అదిలించాడు. అది ఒక అడుగు ముందుకేసి, అటు అత్త గోడకూ ఇటు పక్కింటి గోడకూ మధ్య బిరడాలా బిగుసుకుని, నిదానంగా నెమరు వేయడం మొదలుపెట్టింది. అమ్మ ముందునుంచి పచ్చగడ్డి చూపించింది. అది మెడ సాచి గడ్డి మాత్రం అందుకుంది. వచ్చిన చుట్టాలందరూ విస్తళ్లు కూడా ఎత్తకుండా పెరట్లోకి వచ్చేశారు.

మేస్త్రీ గంభీరంగా ముందుకొచ్చి, చంకలోంచి రసమట్టం తీసి, ఆవు వీపు మీద పెట్టి చూశాడు. గాజుగొట్టంలో బుడగ కుదురుగా నిలబడేదాకా ఆగి, నావైపు తిరిగి అన్నాడు. "మట్టం సరిగ్గా ఉండాది సామీ. గోడది తప్పు లేదు. ఆవుదే తప్పు."

చుట్టాలు కడుపులు పట్టుకుని నవ్వారు. నాకు మాత్రం అప్పుడు తెలిసింది ఏం చేశానో. నా చిన్నప్పుడు మా ఇంట్లో పుంగనూరు పొట్టి ఆవు ఉండేది. నా నడుం దాకా వచ్చేది, మేకకంటే కాస్త పెద్దది. దాని మెడ మీద చెయ్యి వేసుకుని తిరిగినవాణ్ణి. నేను కుప్పంలో ఉండగా నాయన దాన్ని చుట్టాలకిచ్చి జెర్సీ ఆవును తెచ్చాడు. ఆ సంగతి నాకు తెలుసు, దాని పాలు తాగుతూనే ఉన్నాను. శనివారం వచ్చి ఆదివారం పోయే ఉద్యోగస్థుణ్ణి, కొట్టంలోకి అడుగుపెట్టింది లేదు. 'ఆవు దారి' అని రాసేటప్పుడు నా కళ్లముందు నిలిచింది నా చిన్ననాటి పొట్టి ఆవే. బొమ్మ కూడా దానిదే వేశాను. అందుకే అంత బాగా కుదిరింది.

దూడ గొంతు వినిపించేసరికి ఆవు తనంతట తనే వెనక్కి నడిచి బయటపడింది. అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. పక్కింటి గోడ మాది కాదు. అత్త గోడ మీద శాంతిపురం బండలు కూర్చున్నాయి కాబట్టి "అరంగుళం కూడా జరపలేం సామీ" అనేశాడు మేస్త్రీ. వీధి చివరి జాగాలో దాని సొంతదారు వచ్చేవారమే పునాది తీస్తున్నాడు. ఇంటిముందంతా మురిక్కాలువ. ఇంటికీ కొత్త గదికీ మధ్య ఆవును కట్టేసేంత జాగా మిగల్లేదు. నాయన తలపట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. రెండు పూటలా పాలు పోస్తేనే ఇల్లు నడిచేది. ఆఖరికి అత్త మొహం చూడకుండా, నేలవైపు చూస్తూ అన్నాడు. "ఆవు పొయ్యేదానికి ఆ రూము తప్ప ఇంకో దోవ ల్యాదు. ఎదురెదురుగా రెండు పెద్ద వాకిండ్లు ఉండాయి. కొన్నాళ్లు దాన్ని అట్లనే ఇడిసిపెడదాం. అక్క ఎప్పుటి మాదిరి హాల్లోనే..."

వాక్యం పూర్తిచేయలేకపోయాడు. ఆయన చెడ్డవాడు కాదు, అక్కంటే ప్రాణం. కానీ ఆవుకు దారి లేకపోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు, అక్క హాల్లో సర్దుకుంటుందనీ తెలుసు. ఇన్నేళ్లూ సర్దుకుంది కదా. నవ్వుతున్న చుట్టాలు ఒక్కొక్కరే విస్తళ్లెత్తడానికి లోపలికి జారుకున్నారు. "నాయనా, తప్పు నాదే, కొలత నేనే..." అని ఏదేదో గొణిగాను. ఎవరూ వినలేదు.

అత్త లేచింది. సరే అనేస్తుందనుకున్నాను, ఆమె ఎప్పుడూ అనే మాట అదే. లోపలికి పోయి, టీవీ బల్ల పక్కనుంచి ట్రంకుపెట్టెను ఈడ్చుకుంటూ వచ్చింది. హాలు దాటించి, పెరడు దాటించి, కొత్త గది గడప మీదినుంచి లోపలికి తోసింది. నేను సాయం పట్టబోతే "నువ్వుండు" అంది. అప్పుడు వాకిట్లో నిలబడి తమ్ముడితో అంది.

"ఆవు పోతే పోనీరా. పొద్దున పోనీ, సాయంత్రం పోనీ. దాంతో నాకేం తగువు? నేను మాత్రం ఈడ్నే ఉంటా."

"పేడేస్తే ఎట్లక్కా?" అన్నాడు నాయన.

"ఎత్తేస్తా. ఇన్నేండ్లూ ఎత్తింది ఎవురు?" గడి మీద చెయ్యేసి మళ్లీ అంది. "ఒకటే మాట. గడి నా సేతిలో ఉంటాది. వచ్చి వాకిలి తట్టాల. నేను తీస్తాను. అప్పుడే ఆవు కాలు పెట్టాల."

నాయన తల ఊపాడు. అమ్మ గబగబా కొత్త చాప ఒకటి తెచ్చి లోపల పడేసి, నావైపు చూసి, "మిగిలిన పదమూడు ప్లాన్లలో కూడా ఇట్లనే గీసినావా?" అంది. (అవును. అన్నిట్లోనూ రెండడుగులే.)

ఆ రాత్రి ఎలా గడిచిందో నాకు తెలియదు, ఆ తలుపు లోపలినుంచి వేసి ఉంది. పొద్దున్నే మదనపల్లె బస్సుకు పోదామని నేను పెరట్లో పళ్లు తోముకుంటుంటే, నాయన సందులోంచి (ఆయన బక్కమనిషి, బాగానే పట్టేవాడు) వెనక్కి పోయి ఆవును విప్పి, వెనక వాకిలి తట్టడం వినిపించింది. నేనూ సందు చివరిదాకా పోయి తొంగిచూశాను.

లోపలినుంచి అత్త గొంతు. "ఎవురదీ?"

నాయన ఒక్క నిమిషం బిత్తరపోయాడు. తన పెరట్లో, తన ఆవు పలుపు పట్టుకుని నిలబడ్డవాణ్ణి అంతవరకూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "నేనేక్కా" అన్నాడు.

"నేనే అంటే ఎవురు?"

"నేనే... మీ తమ్ముణ్ణి." ఇంకేదో తక్కువైనట్టు, "ఆవు గూడా ఉండాది" అని కలిపాడు.

"ఉండండి. సీర కట్టుకుంటాండా."

నాయనా ఆవూ నిలబడ్డారు. నోట్లో నురగతో సందు చివర నేనూ నిలబడిపోయాను. అంతకుముందు ఆ ఇంట్లో ఆమె కోసం ఎవరైనా ఆగడం నేను చూడలేదు. చాలాసేపటికి గడి తీసిన చప్పుడైంది. అత్త తల దువ్వుకుని, కొంగు సర్దుకుని, పక్కకు తప్పుకుని, "రామ్మా" అని ఆవును పిలిచింది. తమ్ముణ్ణి కాదు, ఆవునే. నాయన దాని వెనకే, పరాయి ఇంట్లోకి పోతున్నట్టు కాళ్లు దులుపుకుని లోపలికి పోయాడు.

ఏడాదిన్నర అట్లాగే నడిచింది. తర్వాత నాయన ఊరి చివర వేరే జాగా చూసుకుని అక్కడ కొట్టం వేశాడు. ఇప్పుడు నేనూ చాలా ఇళ్లకు ఇలాంటి పోర్షన్లు గీస్తున్నాను. మేడమీద గదులు, కారుషెడ్డు వెనక గదులు, కోడళ్లకూ అత్తలకూ చదువుకునే పిల్లలకూ. తల వంచి గోడలు చూడడం మానేశాను. గీసేముందు ఆ ఇంటి పెద్దమ్మలతో పది నిమిషాలు కూర్చుని మాట్లాడతాను. నాకది నేర్పిన అత్త రుణం తీరదు గానీ, నేర్చుకున్నానని చెప్పుకోవడానికి అదొక్కటే ఉంది నా దగ్గర.

మార్కెట్టు మానేసిన తర్వాత అత్త ఎక్కువగా ఆ గదిలోనే ఉంటోంది. మొన్న ఆదివారం పోయినప్పుడు మిఠాయి పొట్లం పట్టుకుని తిన్నగా పెరట్లోకి పోయి తలుపు తట్టాను. లోపల టీవీ మోగుతోంది. కిటికీలోంచి నన్ను చూసిందని నాకు తెలుసు, చూసి నవ్వుకుంటోందని కూడా తెలుసు.

"ఎవురదీ?"

"నేనేత్తా."

"నేనే అంటే ఎవురు?"

"నీ అల్లుణ్ణి. పుంగనూరు ఇంజినీరప్పను. సందు కొలత తప్పేసినవాణ్ణి."

"ఉండు. సీరియల్ అయిపోవస్తాండాది. అయినాక తీస్తా."

నలభైకి దగ్గర పడుతున్నాను, నా కింద ముగ్గురు పనిచేస్తున్నారు, నా కోసం జనం ఆఫీసులో కుర్చీలేసుకుని ఎదురుచూస్తారు. మిఠాయి పొట్లం పట్టుకుని ఎండలో నిలబడ్డాను. ఎంతసేపైనా నిలబడగలననిపించింది.